పిల్లలకి స్వింగ్ డాన్స్: నన్ను తరచూ అడిగేవి, నేను చెప్పేవి

న్యూజెర్సీలో ఒక ఎలిమెంటరీ స్కూల్లో బడి వదిలాక వారానికి రెండు రోజులు స్వింగ్ డాన్స్ నేర్పుతాను. అంటే జాజ్ పాటలకి చేతులు పట్టుకుని జంటగా ఆడేది. సెకండ్, థర్డ్ గ్రేడ్ పిల్లలే ఎక్కువ. ఈ మాట చెప్పగానే మనవాళ్లు అడిగేవి ఇంచుమించు ఇవే.

అపోహ: పిల్లల్ని గాల్లోకి ఎగరేస్తారు, చేతులు విరుగుతాయి.

అంతా వీడియోల పుణ్యం. ఆ ఎగరేయడాలు పోటీల కోసం వచ్చాయి. 1935 ప్రాంతంలో ఫ్రాంకీ మానింగ్, ఫ్రీడా వాషింగ్టన్ అనే డాన్సర్లు మొదలుపెట్టారంటారు. మామూలుగా ఆడేటప్పుడు కాళ్లు నేలమీదే ఉంటాయి. నా క్లాసులో ఎత్తడాలు అసలే లేవు. నా భయమంతా స్నీకర్స్‌తోనే. జిమ్ నేలకి రబ్బరు పట్టేస్తుంది, ఒళ్లు తిరిగినా మోకాలు తిరగదు. అందుకే పాదం ఎత్తి తిరగమంటాను. సాక్సులతో ఆడితే జారిపడతారు, అదీ వద్దు.

అపోహ: ఇది తెల్లవాళ్ల పాతకాలపు సరదా.

కాదు. న్యూయార్క్‌లోని హార్లెంలో నల్లజాతి కుర్రకారు పుట్టించిన డాన్స్. అక్కడి సవాయ్ బాల్‌రూమ్ అనే డాన్స్ హాలుని 1926లో తెరిచారు, 1958లో మూసేశారు. నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ వేరుగా ఉంచే రోజుల్లో ఇద్దరూ కలిసి ఆడిన నేల అది. మొదటి రోజు అడుగులకంటే ముందు ఇదే చెబుతాను.

అపోహ: ముందు ఒకటి నుంచి ఎనిమిది దాకా అడుగుల లెక్క రావాలి.

మొదటి ఏడాది నేనూ అలాగే నేర్పి తిప్పలు పడ్డాను. పెదాలు లెక్కపెట్టేవి, కాళ్లు ఆగిపోయేవి. ఇప్పుడు ముందు నోరు, తర్వాత చప్పట్లు, ఆఖరున కాళ్లు. స్వింగ్ ఊపు మన తకిటలోనే ఉంది. త-కి-ట అని సమానంగా అంటూ మధ్యలో 'కి' మింగేయండి. త... ట, త... ట. అంతే! ఒక అబ్బాయికి ఆ తకిట టకీటోలా వినిపించింది, అదే, చుట్టి వేయించే మెక్సికన్ తిండి. అప్పట్నుంచి క్లాసంతా టకీటోయే. అక్షరాలు మూడే కదా, నేనూ ఊరుకున్నాను.

ఇంకోటి, పాట నెమ్మదిగా ఉంటే తేలికనుకుంటారు. ఒంటికాలిమీద బరువు ఆపి నిలబడటం చిన్నపిల్లలకి కష్టం. నిమిషానికి 100 బీట్ల పాటకి తూలిపోయేవాళ్లు 130కి హాయిగా ఆడతారు.

అపోహ: అబ్బాయిలు, అమ్మాయిలు చేతులు పట్టుకోరు.

నిజమే, మొదటి రెండు వారాలు ససేమిరా పట్టుకోరు. అందుకని షిమ్ షామ్‌తో మొదలుపెడతాను. 1920లలో ట్యాప్ డాన్సర్ల దగ్గర పుట్టింది, జంట అక్కర్లేదు, అందరూ వరుసగా నిలబడి ఆడతారు. తర్వాత అరనిమిషానికోసారి జంటలు మార్చేస్తాను. కోలాటంలో ఎదుటి మనిషి మారుతూనే ఉంటే ఎవరికి సిగ్గేస్తుంది? ఇదీ అంతే. 'వాడితో నేనాడను' అనేలోపే ఇంకొకరు ఎదురుగా ఉంటారు.

అసలు కష్టం సిగ్గు కాదు, లాగడం. కొందరు తాడుపందెంలా లాగుతారు, కొందరి చెయ్యి ఉడికిన నూడుల్. అందుకో ఆట ఉంది. ఒకరు కళ్లు మూసుకోవాలి, రెండోవాళ్లు మాట్లాడకుండా వేళ్లతోనే జిమ్ అంతా నడిపించాలి. మొన్న ఒక పాప కళ్లు మూసుకునే ఠక్కున ఆగిపోయింది. ఎందుకాగావంటే, 'వాడి చెయ్యి ఆగింది' అంది. ఆ ముక్క అర్థమైతే సగం డాన్స్ వచ్చినట్టే.

అబ్బాయే నడిపించాలా అంటారా? అక్కర్లేదు. చేతికి ఎర్ర రిబ్బన్ ఉన్నవాళ్లు నడిపిస్తారు. సగం క్లాసయ్యాక రిబ్బన్ చేతులు మారుతుంది.

అపోహ: చివర్లో స్టేజీ ప్రోగ్రాం లేకపోతే నేర్చుకున్నదేంటి?

డ్రెస్సులకి డబ్బులు, టెన్షన్ తప్ప అందులో ఏముంది? నా ఆఖరి క్లాసులో పిల్లలు ఇంట్లోవాళ్లని నేలమీదకి లాక్కొస్తారు. పోయినసారి ఒక అమ్మమ్మగారు కొంగు బొడ్లో దోపుకుని దిగారు. ఆవిడ తన దారిన తాను వెళ్లిపోతుంటే మనవరాలు ఆపింది. 'లాగకు అమ్మమ్మా, నా చెయ్యి చెప్తుందిగా!'