కవచం కూడా కుట్టు పనే: సైన్స్ ఫిక్షన్ సూట్లపై అపోహలు - వాస్తవాలు

మా అమ్మ విశాఖపట్నం కంచరపాలెంలో 30 ఏళ్లు జాకెట్లు కుట్టింది. ఆవిడ మిషను పక్కన కూర్చునే నేను టేపు పట్టడం నేర్చుకున్నాను. ఇప్పుడు అదే ఇంటి మేడ మీద, రేకుల షెడ్డులో, సైన్స్ ఫిక్షన్ కవచాలు, అంటే ఆ సినిమాల్లో పాత్రలు వేసుకునే లాంటి వేషాల సూట్లు, తయారు చేస్తున్నాను. కాలేజీ ఫెస్టులకి, షార్ట్ ఫిల్ములకి, పుట్టినరోజు ఫంక్షన్లకి అడుగుతుంటారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ముందు అడిగేది "అక్కా, ఏ మెటీరియల్?" అని. నేను ముందు అడిగేది "ఇది వేసుకుని కూర్చోవాలా? మెట్లెక్కాలా? ఎంతసేపు ఉండాలి?" అని. మెటీరియల్ తప్పయితే సూటు అందంగా రాదు, అంతే. కొలత తప్పయితే అసలు వేసుకోలేరు.

అపోహ: ఇది ఈ మధ్య ఇంటర్నెట్ తెచ్చిన మోజు.

1939లో న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సదస్సు జరిగింది. దానికి ఫారెస్ట్ ఎకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు అభిమానులు భవిష్యత్తు మనుషుల వేషాల్లో వచ్చారు. ఆ దుస్తులు కుట్టింది డగ్లసే. అంటే ఈ కళ కుట్టు మిషను దగ్గరే మొదలైంది. ఈ సంగతి నేను అమ్మకి చెప్పినప్పుడు ఆవిడ ముఖంలో కనిపించిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అపోహ: బరువుగా, గట్టిగా ఉంటేనే నిజమైన కవచంలా కనిపిస్తుంది.

చూసేవాళ్ల కంటికి బరువు తెలియదు. అంచు ఎంత పదునుగా ఉంది, వెలుతురు ఎక్కడ మెరిసింది, నీడ ఎక్కడ పడింది అన్నదే తెలుస్తుంది. మన నాటకాలవాళ్లకి ఇది ఎప్పుడో తెలుసు. కూచిపూడి వేషాల్లో కిరీటం, భుజకీర్తులు బూరుగు లాంటి తేలిక చెక్కతో చేసేవారు. రాత్రంతా ఆడాలంటే భుజాల మీద ఇత్తడి మోయలేరు కదా.

నేను వాడేది ఎక్కువగా ఈవీఏ ఫోమ్. చెప్పుల అడుగున, పిల్లలు ఆడుకునే జిగ్‌సా మ్యాట్లలో ఉండేది అదే. ఛాతీకి, భుజాలకి 10 మిల్లీమీటర్ల మందం. చేతులకి, కాళ్లకి 5 లేదా 6. పైన కనిపించే చిన్న చిన్న పట్టీలకి 2. హీట్ గన్‌తో వేడి చేసి మోకాలి మీద వంచితే ఆ వంపు చల్లారాక అలాగే నిలుస్తుంది. హెల్మెట్ కాకుండా పూర్తి సూటు 4 కిలోలు దాటనివ్వను. థర్మోకోల్ ఇంకా తేలిక కదా అంటారు. దాని మీద మామూలు స్ప్రే పెయింట్ కొట్టి చూడండి, ద్రావకానికి కరిగి గుంటలు పడుతుంది.

అపోహ: ఎత్తు చెబితే చాలు, ప్యాటర్న్ సైజు కంప్యూటర్‌లో మార్చుకోవచ్చు.

ఎక్కువ సూట్లు పాడయ్యేది ఇక్కడే. పెపకురా అని జపాన్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది. త్రీడీ బొమ్మని విప్పి కాగితం ముక్కలుగా ఇస్తుంది. చాలా మంచి పనిముట్టు. కానీ ఆ బొమ్మ గీసినవాళ్లు మనిషి ఊపిరి పీల్చాలని, నడుం వంచాలని ఆలోచించి గీయరు. పైగా ఇద్దరి ఎత్తు ఒకటే అయినా ఒకరి భుజాలు వెడల్పు, ఇంకొకరికి ఛాతీ ఎక్కువ. ప్యాటర్న్ సైజుని 100 శాతం నుంచి 104 చేస్తే అన్ని వైపులా సమానంగా పెరుగుతుంది. మనిషి శరీరం అలా పెరగదు.

నేను చేసేది ఇలా. లోపల వేసుకోబోయే బిగుతు డ్రెస్సు, బూట్లు ముందే వేసుకుని రమ్మంటాను. పైన పాత టీషర్టు తొడిగి, ప్యాకింగ్ టేపు పొరలు పొరలుగా చుడతాను. మెడ దగ్గర మాత్రం బిగించను. మార్కర్‌తో కవచం గీతలు మనిషి మీదే గీసి, వీపు వైపు మొద్దుకొన కత్తెరతో కత్తిరించి తీస్తాను. ఆ తొడుగుని గీతల ప్రకారం ముక్కలు చేసి బల్ల మీద పరుస్తాను. ఎక్కడ ముక్క చదునుగా పడుకోనని మొండికేస్తుందో అక్కడ ఒక కోత పెట్టాలి. జాకెట్టుకి టక్స్ వేసేది కూడా ఇందుకే. గుడ్డలో మడిచి కుట్టేది, ఫోమ్‌లో కోసి అంటిస్తాం. చంక లోతు ఎంత ఉంచాలన్నది అమ్మని అడిగే నేర్చుకున్నాను. చంక దగ్గర ఇరుకైతే చెయ్యి పైకెత్తగానే ఛాతీ పలక మొత్తం లేచి గడ్డానికి తగులుతుంది.

తర్వాత లూజు. నిలబడి మామూలుగా ఉన్నప్పుడు ఒక కొలత, ఊపిరి నిండా పీల్చి ఒక కొలత తీసుకోండి. ఆ తేడా పక్కల్లో ఎలాస్టిక్‌తో భర్తీ చేయాలి. తొడ కొలత కూర్చుని కూడా తీసుకోవాలి, ఎందుకంటే కూర్చోగానే తొడ వెడల్పవుతుంది. చెయ్యి మడిస్తే కండ ఉబ్బుతుంది. పొట్ట దగ్గర ఒకే పలక పెట్టొద్దు. ఛాతీ ముక్క పక్కటెముకల దగ్గర ఆగాలి, పొట్ట ముక్క విడిగా దాని కిందకి జారేలా ఉండాలి. బరువంతా భుజాల మీద వేలాడదీయకుండా నడుం బెల్టుకి పట్టీలతో కట్టాలి. బ్యాగులకి వాడే ప్లాస్టిక్ బకిల్స్ సరిపోతాయి.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. మొదట్లో గాజువాక నుంచి వచ్చిన ఇంజినీరింగ్ కుర్రాడికి నిలబెట్టి మాత్రమే ఫిట్టింగ్ చూశాను. అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. ఫంక్షన్‌కి ఆటో ఎక్కబోతే కూర్చోలేకపోయాడు. వెనక సీట్లో వాలి, సగం పడుకుని వెళ్లాడు. దిగేసరికి నడుం దగ్గర అతుకు ఊడిపోయింది. "పర్లేదక్కా" అన్నాడు కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి షెడ్డులో ఒక ప్లాస్టిక్ స్టూలు పెట్టాను. ఫిట్టింగ్ రోజున కూర్చుని లేవాలి, మేడ మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాలి, నేల మీద పడ్డ ఫోన్ తియ్యాలి, చేతులు పైకెత్తాలి. బాత్రూంకి ఎలా వెళ్తారో కూడా అప్పుడే తేల్చుకుంటాం. ఇది అడగడానికి సిగ్గుపడితే ఫంక్షన్ రోజు వాళ్లకి నరకం.

అపోహ: త్రీడీ ప్రింటర్ ఉంటే పని అయిపోయినట్టే.

త్రీడీ ప్రింటర్ అంటే ప్లాస్టిక్‌ని కరిగించి పొర మీద పొర పేర్చి వస్తువు చేసే యంత్రం. మామూలు త్రీడీ ప్రింటర్ మీద పెద్దవాళ్ల హెల్మెట్ ఒకటి దిగడానికి 30 గంటల పైనే పట్టొచ్చు. దిగాక అసలు పని మొదలవుతుంది. 80 నంబరు ఎమరీ పేపరుతో మొదలుపెట్టి 120, 220, 400 దాకా రుద్దాలి, మధ్యలో కారు డెంటింగ్ షాపుల్లో వాడే పుట్టీ పెట్టాలి. పొడి పీల్చకుండా నీళ్లు తడుపుతూ రుద్దండి.

ఇంకో సంగతి. ఈ ప్రింటర్లలో ఎక్కువమంది వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ దాదాపు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. నేను ఒక మే నెల మధ్యాహ్నం హెల్మెట్‌ని కారు వెనక అద్దం దగ్గర పెట్టి బీచ్ రోడ్డులో భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి గడ్డం భాగం ఒక పక్కకి వాలిపోయింది. మూడు వారాల పని అది. విశాఖ ఎండకి పీఈటీజీ, ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌లు నయం.

అపోహ: గమ్ము ఎక్కువ రాస్తే గట్టిగా అంటుకుంటుంది.

వడ్రంగులు సన్‌మైకాకి, చెప్పులు బాగుచేసేవాళ్లు అట్టలకి వాడే రబ్బరు సొల్యూషనే దీనికీ వాడతాం. రెండు అంచులకీ పల్చగా రాసి, వేలికి అంటుకోనంతగా ఆరనివ్వాలి. 10, 15 నిమిషాలు పడుతుంది. అప్పుడు కలిపి నొక్కితే మళ్లీ విడదు. మన ఊళ్లో వానాకాలం ఇంకో చిక్కుంది. ద్రావకం ఆవిరవుతూ పై పొరని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ ఆ చల్లటి పొర మీద చేరుతుంది. దాంతో పట్టు పోతుంది. జల్లు పడే రోజుల్లో నేను అతికించే పని మానేసి ప్యాటర్న్ కత్తిరించుకుంటాను. తప్పదంటే హీట్ గన్‌తో కాస్త దూరం నుంచి వెచ్చబెట్టండి, అదీ ద్రావకం వాసన పూర్తిగా పోయాకే. ఆ ఆవిరి మండుతుంది.

గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఆ ఆవిరిని ఆపవు. కర్బన ఆవిర్లకి పనికొచ్చే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కొనండి, తలుపులు తెరిచి పని చేయండి. ఇందులో పొదుపు వద్దు.

అపోహ: లైట్లు ఎన్ని పెడితే అంత బాగుంటుంది.

5 వోల్టుల రంగుల ఎల్‌ఈడీ పిక్సెల్ పట్టీలో ఒక్కో లైటు పూర్తి తెలుపులో 60 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. 100 లైట్లంటే 6 ఆంపియర్లు. మామూలు పవర్ బ్యాంకు దాంట్లో సగం కూడా కష్టం మీద ఇస్తుంది. 12 లైట్లు సరైన చోట పెట్టి, ముందు పాలరంగు ప్లాస్టిక్ ముక్క అడ్డం పెడితే చాలు. బ్యాటరీ చెమట తగిలే చోట వద్దు.

అపోహ: హెల్మెట్‌లో ఫ్యాన్ ఉంటే బీచ్‌లో సాయంత్రమంతా తిరగొచ్చు.

దీని గురించి మాత్రం నేను గట్టిగానే మాట్లాడతాను. ఒంటిని చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆరడం. ఫోమ్ లోపల గాలి ఆడదు, బయట సముద్రపు ఉక్క. ఆరడానికి దారే లేదు. వ్యోమగాములు స్పేస్ సూట్ లోపల సన్నటి గొట్టాలు కుట్టిన డ్రెస్సు వేసుకుంటారు. ఆ గొట్టాల్లో నీళ్లు తిరుగుతూ వేడిని లాగేస్తాయి. అంత అవసరం ఉందన్నమాట. ఫ్యాను ఒకటే ఉంటే లోపలి వేడి గాలినే తిప్పుతుంది. గడ్డం దగ్గర లోపలికి లాగేది ఒకటి, నడినెత్తి వెనక బయటికి తోసేది ఒకటి ఉండాలి. అప్పుడు అద్దం మీద ఆవిరి కూడా తగ్గుతుంది.

నా దగ్గర సూటు తీసుకునేవాళ్లకి 20 నిమిషాలకి ఒకసారి హెల్మెట్ తీయాలని షరతు. పక్కన ఒక మనిషి నీళ్లతో, కత్తెరతో ఉండాలి. మొత్తం సూటు నిమిషంలో ఊడి రావాలి. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, మాట తడబడినా కార్యక్రమం ఎంత ముఖ్యమైనదైనా విప్పేయండి. మాట ముద్దగా వస్తూ మనిషి అయోమయంగా ఉంటే నీడకి చేర్చి, ఒళ్లు తడుపుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చిన్నపిల్లలకి పూర్తి సూటు నేను చేయను. ఛాతీ పలక, చేతి తొడుగులు చాలు.

ఆ హెల్మెట్‌తో బండి నడపొద్దు. మోటార్ సైకిల్ హెల్మెట్‌కి ఐఎస్ 4151 అని ప్రమాణం ఉంది. మనం చేసింది వేషం మాత్రమే.

అపోహ: యుద్ధంలో వాడినట్టు కనిపించాలంటే నల్లరంగు పూసి తుడిచేస్తే సరి.

మన ఊళ్లో ఉండి ఇలా చేస్తే నాకు బాధగా ఉంటుంది. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది. దానికి ఎదురుగా టీయూ-142 విమానం ఉంది, 1988 నుంచి 2017 దాకా మన నౌకాదళంలో ఎగిరింది. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవాళ్లని ముందు అక్కడికే తీసుకెళ్తాను. పలకల మధ్య గీతలు ఎలా సాగాయో, రివెట్లు ఎంత దూరంలో ఉన్నాయో, చెయ్యి పెట్టి మరమ్మతు చేయాల్సిన చోట మూత ఎలా వచ్చిందో నోట్‌బుక్‌లో గీయమంటాను. అక్కడి నుంచి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తాం. మర పడవల మీద రంగు ముందు పోయేది అంచుల్లో, తాడు రాసుకునే చోట, మనుషులు కాలు పెట్టే చోట. తుప్పు చార బోల్టు దగ్గర మొదలై కిందకి జారుతుంది, పోనుపోను పల్చబడుతుంది. కవచం మీద కూడా మోచేయి ఎక్కడ రాసుకుంటుందో, బెల్టు ఎక్కడ తగులుతుందో అక్కడే రంగు పోవాలి. అందుకే రంగు పోయి లోహం బయటపడ్డట్టు చూపించే వెండి రంగు చివరి దాకా అద్దను. ఫిట్టింగ్ రోజు సూటు వేసుకుని అరగంట మేడ మీద తిరగమంటాను. ఎక్కడెక్కడ ఒరిసిందో సుద్దతో గుర్తు పెట్టుకుని, మర్నాడు పొద్దున్న ఆ గుర్తుల మీదే బ్రష్ పెడతాను.