ఉప్పుగాలిలో పాత కారు: విశాఖలో వినిపించే అపోహలు – వాస్తవాలు

అంబాసిడర్ గానీ, ప్రీమియర్ పద్మిని గానీ, స్టాండర్డ్ హెరాల్డ్ గానీ విశాఖలో ఉంటే దాని మొదటి శత్రువు ఉప్పుగాలే. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆ ఉప్పు ఎలా పనిచేస్తుందో తెలియక, కాపాడబోయి పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ. మా షెడ్డుకు వచ్చే యజమానుల నోట తరచూ వినిపించే మాటలనే ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకున్నాం.

అపోహ: "వానలో తడవలేదు, షెడ్డు దాటలేదు. తుప్పెలా పడుతుంది?"

తుప్పుకు వాన అక్కర్లేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనే కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి 33 శాతం తేమే చాలు. ముసురు రోజుల్లో వంటింటి ఉప్పు డబ్బా చెమ్మగిల్లిందంటే మీ కారు అడుగు రేకు పరిస్థితీ అంతే. బీచ్ రోడ్డులో ఒక సాయంత్రం తిరిగొచ్చి అలాగే నిలిపితే, రేకు మీద పలుచటి ఉప్పునీటి పొర నెలల తరబడి ఉండిపోతుంది. వన్‌టౌన్ వైపు అయితే పోర్టు బొగ్గు ధూళి కూడా చేరి ఆ తేమను పట్టి ఉంచుతుంది.

అందుకే సముద్రం వైపు వెళ్లొచ్చిన రోజే మంచినీళ్లతో అడుగు భాగం కడగాలి. మడ్‌గార్డుల లోపలి అంచులు, తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్ కింద, బంపర్ వెనక వైపు, లీఫ్ స్ప్రింగులు తగులుకునే చోట్లు మరిచిపోవద్దు. మామూలు గొట్టం ధార సరిపోతుంది. ప్రెషర్ వాషర్‌ను దగ్గరగా పెట్టి కొడితే ఉప్పునీళ్లు అతుకుల లోపలికి, హబ్ బేరింగుల్లోకి పోతాయి. కడిగాక తలుపుల అడుగునున్న చిన్న రంధ్రాలను సన్నటి తీగతో శుభ్రం చేసి, గంటసేపు ఎండలో తలుపులు తెరిచి ఉంచండి. కార్పెట్ల కింద చేయి పెట్టి చూడండి. అక్కడి నార పట్టాలో చేరిన తడి రోజుల తరబడి ఆరదు, అంబాసిడర్ ఫ్లోరు చాలాసార్లు పుచ్చేది అక్కడే.

షెడ్డుకు గాలి ఆడాలనే మాట నిజమే, కానీ తూర్పు, ఆగ్నేయం వైపు కిటికీలు తెరిస్తే లోపలికొచ్చేది సముద్రపు గాలి. అటు మూసి, కొండ వైపు తెరవండి. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి గోడకు తగిలించండి. షెడ్డు పూర్తిగా మూసి డీహ్యూమిడిఫయర్ (తేమ లాగేసే యంత్రం) పెట్టగలిగితే 50 శాతం దగ్గర నిలపడం మంచిది.

అపోహ: "ప్లాస్టిక్ కవర్ కప్పితే భద్రం"

నీళ్లు చొరని కవర్ లోపలి ఆవిరిని బయటికి పోనివ్వదు. రాత్రి చల్లబడ్డాక ఆ ఆవిరే రేకు మీద నీరవుతుంది. షెడ్డులో అయితే మెత్తటి నూలు గుడ్డ కవరు వాడండి. దుమ్ము ఉన్న కారు మీద కవరు లాగితే అది ఉప్పుకాగితం రుద్దినట్టే, కాబట్టి ముందు కడిగి ఆరబెట్టాలి.

అపోహ: "అడుగున వాడేసిన ఇంజన్ ఆయిల్ పూస్తే తుప్పు పట్టదు", "తారు కోటింగ్ కొట్టిస్తే ఇక చూసుకోనక్కర్లేదు"

ఈ రెండూ ఒకే పొరపాటుకు రెండు రూపాలు. వాడేసిన ఆయిల్‌లో ఆమ్లాలు, మసి ఉంటాయి. అది రబ్బరు బుష్షులను ఉబ్బిస్తుంది, ఇసుకనూ దుమ్మునూ అంటించుకుంటుంది. తారు కోటింగ్ ఇంకా ప్రమాదం. కింద ఉప్పు మిగిలి ఉండగా పైన మూత పెట్టినట్టవుతుంది. ఏడాది తర్వాత పైకి నల్లగా నున్నగా కనిపిస్తుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోతుంది.

సరైన పద్ధతికి ఓపిక కావాలి. ఊడే కోటింగ్ అంతా గీకేయాలి. వైర్ బ్రష్‌తో తుప్పు తీసి మంచినీళ్లతో కడగాలి, ఆరబెట్టాలి, మళ్లీ బ్రష్ కొట్టి మళ్లీ కడగాలి. తుప్పు గుంటల అడుగున క్లోరైడ్ దాక్కుని ఉంటుంది, ఒక్క కడుగుకు పోదు. ఆ తర్వాత రెండు దారులున్నాయి. రేకు తెల్లగా బయటపడిన చోట జింక్ ప్రైమర్ వేయొచ్చు. గుంటల్లో తుప్పు మిగిలిన చోట ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ పూసి, డబ్బా మీద చెప్పినంత సేపు ఉంచి, మిగులు ఆమ్లాన్ని కడిగి, పూర్తిగా ఆరాక ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. కన్వర్టర్ మీద జింక్ ప్రైమర్ వేయడం డబ్బు దండగ. జింక్ ఉక్కును నేరుగా తాకితేనే పనిచేస్తుంది.

సిల్స్, బాక్స్ సెక్షన్ల (బాడీలోని బోలు భాగాల) లోపలికి బ్రష్ పోదు. అక్కడ పొడవాటి గొట్టం, చుట్టూ చిమ్మే నాజిల్‌తో కేవిటీ వ్యాక్స్ కొట్టాలి. కింది రంధ్రాల నుంచి చుక్కలు కారేదాకా కొట్టి, ఆ రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి. మళ్లీ వానాకాలానికి ముందు, అంటే మే నెలలో ఒకసారి చూసుకుంటే చాలు.

అపోహ: "లప్పం పెట్టి పెయింట్ వేస్తే కొత్తదే"

అంబాసిడర్‌కూ పద్మినికీ విడిగా ఛాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. హెరాల్డ్‌కు విడి ఛాసిస్ ఉంది. అంటే మొదటి రెండింటిలో సిల్ పుచ్చడం అందచందాల సమస్య కాదు. తలుపు తెరిచినప్పుడు ఎక్కడో పట్టేస్తుంటే, మూసేటప్పుడు ఎత్తి మూయాల్సి వస్తుంటే బాడీ కుంగుతోందని అనుమానించండి. పుచ్చిన రేకును కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాల్సిందే, అదీ తలుపులు బిగించి బాడీకి కింద ఆసరా పెట్టాకే. లప్పం గుంట సరిచేయడానికి 2–3 మి.మీ. మందం వరకు సరే. రంధ్రం పూడ్చడానికి వాడితే అది వెనక నుంచి తేమ పీల్చుకుని ఆరు నెలల్లో పొంగుతుంది. కొనేముందు మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. అది అంటుకోని చోట పెయింట్ ఎంత మెరిసినా నమ్మకండి.

ఇంకో మాట. కంపెనీ పెయింట్ వెలిసినా చాలావరకు నిలిచే ఉంటే దాన్ని గీకించవద్దు. పాలిష్, వ్యాక్స్‌తో ఉంచుకున్న పాత పెయింటే మా దృష్టిలో విలువైనది.

అపోహ: "వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేస్తే ఇంజన్ బాగుంటుంది"

ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజన్ వేడెక్కకముందే ఆపేస్తే ఆ నీరు సైలెన్సర్‌లో, క్రాంక్‌కేస్‌లో మిగులుతుంది. చోక్ లాగి నడపడం వల్ల పెట్రోలు కూడా ఆయిల్‌లో కలుస్తుంది. నడిపితే 20 కిలోమీటర్లు నడపండి, లేకపోతే ముట్టుకోకండి. మూడు నెలలు దాటి నిలిపిన బండికి ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి, ప్లగ్గులు లేకుండానే తిప్పి, ఆయిల్ ప్రెషర్ వచ్చాక బిగించి స్టార్ట్ చేయాలి. నిలిపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేయొద్దు, చక్రాలకు చెక్క అడ్డం పెట్టండి. ఉప్పుగాలికి బ్రేక్ షూలు డ్రమ్ముకు పట్టుకుపోతాయి.

అపోహ: "థర్మోస్టాట్ తీసేస్తే సింహాచలం ఘాటు ఎక్కేటప్పుడు వేడెక్కదు"

వేడెక్కడానికి కారణం దాదాపు ఎప్పుడూ రేడియేటర్ గొట్టాల్లో పేరుకున్న గార, అరిగిన ప్రెషర్ క్యాప్, వదులైన ఫ్యాన్ బెల్టు. ఇంజన్ వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్‌ను తీసేస్తే మైదానంలో ఇంజన్ ఎప్పుడూ చల్లగానే నడిచి త్వరగా అరుగుతుంది. దాన్ని వేడినీళ్లలో వేసి, మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకుంటుందో లేదో చూడండి. తెరుచుకోకపోతే కొత్తది వేయండి.

మన ఊళ్లో నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంట్ ఎందుకని అడుగుతారు. దాని అసలు పని తుప్పు ఆపడం. డిస్టిల్డ్ వాటర్ రెండు వంతులు, ఆకుపచ్చ పాతతరం ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ ఒక వంతు కలిపి, రెండేళ్లకోసారి మార్చండి. బోరు నీళ్లు వద్దు.

అపోహ: "రిఫైనరీ ఊళ్లోనే ఉంది, ఇక్కడ పెట్రోలు స్వచ్ఛం"

ఇథనాల్ కలపడం ప్రభుత్వ విధానం, డిపోలో కలిసే బంకుకు వస్తుంది. ఈ20 రకం పెట్రోలులో 20 శాతం ఇథనాల్. అది తేమను పీల్చుతుంది, పాత రబ్బరు పైపులనూ కార్క్ గాస్కెట్లనూ మెత్తబరుస్తుంది, ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టర్‌లో వేస్తుంది. భయపడి బండి మూల పెట్టనక్కర్లేదు. పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే ఎస్‌ఏఈ జె30 ఆర్9 రకానివి వేయించండి. ట్యాంకు తర్వాత పారదర్శకమైన ఫిల్టర్ పెట్టి, డిక్కీలో ఇంకొకటి ఉంచుకోండి. ప్లగ్గు కొస తెల్లబడితే మిశ్రమంలో పెట్రోలు తగ్గిందని అర్థం, కార్బురేటర్‌లోని మెయిన్ జెట్ ఒక సైజు పెంచి లేత గోధుమ రంగు వచ్చేదాకా చూడండి. నెలకు పైగా నిలిపేటప్పుడు ట్యాంకు నింపి, కార్బురేటర్ గిన్నె ఖాళీ చేయండి. 100 ఆక్టేన్ పెట్రోలు మాత్రం అనవసరం. ఈ ఇంజన్ల కంప్రెషన్ 7:1కు అటూ ఇటూ, దానికి ఆ ఆక్టేన్‌తో పనిలేదు.

సీసం సంగతి వేరు. 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో సీసం పెట్రోలు లేదు. వాల్వ్ సీట్లు అరగకుండా కాపాడింది ఆ సీసమే, అది లేక గట్టి వాల్వ్ సీట్లు బిగించని పాత హెడ్‌లో ఆ సీట్లు మెల్లగా దిగుతాయి. ప్రతి 5,000 కి.మీ.కు వాల్వ్ సందు కొలవండి. ప్రతిసారీ తగ్గుతూ ఉంటే, హెడ్ విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించండి.

మిగిలినవి క్లుప్తంగా

బ్రేక్ ఆయిల్ తగ్గలేదు కాబట్టి బాగుందనుకోవద్దు. డాట్ 3 కొత్తదైతే 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీరు పీల్చాక 140కే మరగొచ్చు. అనంతగిరి ఘాటు దిగేటప్పుడు పెడల్ లోపలికి పోయేది అందుకే. రెండేళ్లకోసారి మార్చాలి, సిలికోన్ రకం డాట్ 5తో కలపకూడదు. టైరుకు పువ్వు ఉన్నంత మాత్రాన చాలదు, పక్కన ఉన్న నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. పదేళ్లు దాటితే తీసేయండి. బ్యాటరీ 12.4 వోల్టులకు దిగితే ఛార్జ్ చేయండి. కొన్ని పాత బ్రిటిష్ కార్లకు పాజిటివ్ ఎర్తు ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ కొసే బాడీకి కలుస్తుంది, బిగించే ముందు చూసుకోండి.

అపోహ: "వింటేజ్ నంబరు వస్తే రోజూ తిప్పుకోవచ్చు"

2021 జూలైలో సవరించిన కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చని వ్యక్తిగత బండికే 'వీఏ' అక్షరాల నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, తర్వాత రీ-రిజిస్ట్రేషన్‌కు 5,000. ఆ నంబరుతో ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు వెళ్లొచ్చు. రోజువారీ ప్రయాణాలకూ వ్యాపారానికీ కుదరదు. కాబట్టి ఇంజన్ మార్చే ఆలోచన ఉంటే ఈ నిబంధన చదివాకే మెకానిక్‌తో మాట్లాడండి. పాత ఇంజన్‌ను ఇనుప సామాను కొట్టుకు అమ్మేయకుండా, నంబరు చెరగకుండా గ్రీజు పూసి షెడ్డులోనే ఓ మూల ఉంచండి.