పక్కవాళ్ల ఫోటో చూసి ఏం చెప్పాలి?

చెన్నై, టి.నగర్.

చిరంజీవులైన పిల్లలకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఆదివారం పొద్దున్నే కెమెరాలూ ఫోన్లూ పట్టుకుని కాశిమేడు చేపల రేవుకి వెళ్లి, తిరిగొచ్చాక ఒకరి ఫోటోలు ఒకరు చూసుకుంటున్నారంటే నాకు చాలా సంతోషం. కానీ పోయినసారి మా హాల్లో కూర్చుని మీరు మాట్లాడుకున్నవి వింటే మాత్రం కొంచెం బెంగ పట్టుకుంది. "సూపర్ రా", "అదిరింది", "బాగుంది కానీ ఏదో తక్కువైంది", అంతే. ఒక ఫోటోకి "వేస్ట్" అన్న మాట కూడా వినపడింది. ఆ అమ్మాయి ఇక మిగతావి చూపించలేదు. ఎవరూ కావాలని అనలేదని తెలుసు. ఏం చెప్పాలో తెలియకే అలా అన్నారు. అందుకే ఈ ఉత్తరం.

ఫోటో తీసినవాళ్లకి తమ ఫోటో సరిగ్గా కనపడదు. వాళ్లు అక్కడ నిలబడ్డారు కదా! సముద్రపు గాలి, చేపల వాసన, వేలంపాట కేకలు, పడవ కదిలినప్పుడు కలిగిన సరదా ఇంకా మనసులో ఉంటాయి. ఫోటో చూస్తే అవన్నీ అందులోనే ఉన్నట్టు అనిపిస్తుంది. మనం అక్కడ లేం. మనకు ఆ నాలుగు అంచుల మధ్య ఉన్నదే కనిపిస్తుంది. ఆ కొత్త కళ్లు వాళ్లు తమంతట తాము తెచ్చుకోలేరు, మనమే ఇవ్వాలి. కాబట్టి మార్కులు వెయ్యడం మానేసి, మీ చూపు ముందు ఎక్కడికి పోయిందో, తర్వాత ఎక్కడికి వెళ్లిందో చెప్పండి.

మీలో ఒకరు తీసిన ఫోటోనే తీసుకుందాం. వంజరం చేపల ముందు కూర్చుని ఒక పెద్దావిడ నోట్లు లెక్కపెట్టుకుంటోంది. దాన్ని చూసి నేనైతే ఇలా అంటాను: "ముందు నా కళ్లు ఎడమ అంచున ఉన్న ఎర్ర ప్లాస్టిక్ టబ్ మీద పడ్డాయి. అక్కణ్ణుంచి ఆవిడ చేతికి వచ్చాను. ముఖం ఆఖర్న చూశాను. నువ్వు చూపించాలనుకున్నది చేతినా, ముఖాన్నా?" ఈ ప్రశ్న అడగకుండా సలహా ఇవ్వకూడదు. చేతి కోసమే తీసి ఉంటే ఫోటో చాలావరకు కుదిరినట్టే, టబ్ ఒక్కటే అడ్డం. ఆ టబ్ ఆవిడకి వెనకాల, ఎడమ పక్కన ఉంది కాబట్టి, ఒక అడుగు కుడికి జరిగి తీసి ఉంటే ఆవిడ వెనక్కి దాక్కునేది. అది వచ్చే ఆదివారానికి పనికొచ్చే మాట. ఇప్పుడు చెయ్యగలిగింది ఇంకొకటుంది, ఎడమ అంచు కాస్త క్రాప్ చెయ్యడం. ఈ రెండూ విడివిడిగా చెప్పండి. ఇక సరిచెయ్యలేని దాన్ని పట్టుకుని పదే పదే మాట్లాడితే వినేవాళ్లకి నీరసం వస్తుంది.

మామూలుగా మన కళ్లు వెలుతురు ఎక్కువున్న చోటికి, ఎర్రటి వస్తువులకి, ముఖాలకి, అక్షరాలకి ముందు పోతాయి. గోడ మీద పోస్టర్ ఉంటే మనిషిని వదిలేసి దాన్ని చదువుతాం. అందుకే అంచులు ఒకసారి తిరిగి చూడమని చెప్పడం ఎప్పుడూ మంచిదే.

"షేక్ అయింది" అని అందరూ అంటారు. ఎందుకు అయిందో చెబితేనే ఉపయోగం. ఫోటో అంతా ఒకే వైపు సాగినట్టుంటే చెయ్యి కదిలింది. షట్టర్ స్పీడ్ పెంచాలి (అంటే ఫోటో ఇంకా తక్కువ సమయంలో పడేలా చెయ్యాలి), లేదా మోచేతులు ఒంటికి ఆనించి పట్టుకోవాలి. చుట్టూ ఉన్నవన్నీ స్పష్టంగా ఉండి మనిషి ఒక్కరే మసకబారితే, చెయ్యి నిలకడగానే ఉంది, కదిలింది ఆ మనిషి. 1/60 సెకనులో తీసింది 1/500లో తీస్తే సరిపోవచ్చు. మనిషి మసకగా ఉండి వెనక పడవ తాడు పోగులతో సహా కనపడుతుంటే ఫోకస్ తాడు మీద పడిందన్నమాట. మూడూ పైకి ఒకలాగే కనిపిస్తాయి గానీ మూడింటికీ మందు వేరు. చెప్పే ముందు ఫోటోని పెద్దది చేసి చూడండి. ఆ నిమిషం ఓపికే మీరు అవతలివాళ్లకిచ్చే గౌరవం.

పల్లికరణై చిత్తడి నేలల దగ్గర తీసిన కొంగల ఫోటోలూ అంతే. చుట్టూ నల్లటి నీళ్లు, మధ్యలో చిన్న తెల్ల కొంగ. కెమెరా మొత్తాన్నీ ఒక నడిమి బూడిదరంగు దగ్గరకి తేవాలని చూస్తూ ఫోటో అంతటా వెలుతురు పెంచేస్తుంది, కొంగ ఈకల గీతలన్నీ పోయి సున్నం కొట్టినట్టు తయారవుతుంది. "ఓవర్ అయింది" అని ఊరుకోకుండా "ఎక్స్‌పోజర్ మైనస్‌లో పెట్టి చూడు, వెలుతురు తగ్గి ఈకలు నిలబడతాయి" అనండి. అదే కొంగ ఫ్రేమంతా నిండితే బూడిదరంగులోకి పోతుంది, అప్పుడు ప్లస్. మధ్యాహ్నం తీసిన ముఖాల్లో కళ్లు గుంటల్లా కనపడితే అది మన ఊరి ఎండ. చెన్నైలో ఏప్రిల్ చివర్లోనూ ఆగస్టులోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అలాంటప్పుడు "నీడలోకి తీసుకెళ్లు" అన్న మాట చాలు.

తప్పు మనిషిదా, పనిముట్టుదా అన్నది కూడా చూడండి. వెనకంతా మసక చేసే ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్ జడలో మల్లెపూల అంచుల్ని చెరిపేస్తే ఫోటో తీసిన పిల్ల ఏం చేస్తుంది? 1856లో మద్రాసు ప్రభుత్వం తరఫున ఫోటోగ్రాఫర్‌గా నియమితుడైన లిన్నియస్ ట్రైప్ ఈ ప్రాంతపు గుళ్లను ఫోటోలు తీశాడు. ఆ రోజుల్లో నెగటివ్‌లకి నీలిరంగు మరీ ఎక్కువగా పట్టేసేది, ఆకాశమంతా ఖాళీగా వచ్చేది. ఆయన కొన్ని నెగటివ్‌ల మీద మబ్బుల్ని చేత్తో దిద్దుకున్నాడు. ఆ ఖాళీ ఆకాశాన్ని ఆయన పొరపాటు అనలేం కదా. రాత్రిపూట ఫోన్‌తో తీసిన ఫోటోలో గరుకు కూడా అలాంటిదే.

"రూల్ ఆఫ్ థర్డ్స్ పాటించలేదు" అనే మాట నాకు అస్సలు నచ్చదు. ఫ్రేమ్ని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద ఉంచాలన్న సూత్రం అది, కారణం కాదు. మెరీనాలో సముద్రపు గీత సరిగ్గా మధ్యలో ఉంటే, దానివల్ల మీకు ఏమనిపించిందో చెప్పండి. పైన మబ్బూ కింద తడి ఇసుకలో దాని నీడా సమానంగా ఉంటే ఆ గీత మధ్యలోనే ఉండాలి. గీత వంకరగా ఉంటే మాత్రం చెప్పండి, సముద్రం ఒరగదు.

మెచ్చుకునేటప్పుడూ ఇలాగే. "వల విసిరిన క్షణం ఆగి పట్టుకున్నావు, చేతులు పూర్తిగా చాచి ఉన్నాయి" అంటే వాళ్లు మళ్లీ అలా ఆగుతారు. "సూపర్" అంటే ఏది సూపరో తెలియక వదిలేస్తారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఒక్క మార్పు చెప్పండి, ఆరు కాదు. మాట ఫోటో గురించే ఉండాలి, మనిషి గురించి కాదు. "నీకు ఫ్రేమింగ్ రాదు" అన్నది ఫోటో గురించిన మాట కాదు.

ఒక్క విషయంలో మాత్రం మొహమాట పడొద్దు. గూడు దగ్గరికి మరీ వెళ్లి పిల్లల్ని తీసిన ఫోటో ఎంత అందంగా ఉన్నా మెచ్చుకోకండి, తల్లి పక్షి బెదిరి గూడు వదిలేసే ప్రమాదం ఉంది. వద్దని చెయ్యి అడ్డం పెట్టుకున్న మనిషి ఫోటో కూడా అంతే. అది తీసినవాళ్లని పక్కకి పిలిచి, మెల్లగా, కానీ స్పష్టంగా చెప్పండి.

వినేవాళ్లకీ ఒక మాట. ఎవరైనా చెబుతుంటే "అక్కడ చోటు లేదు పెద్దమ్మా", "అప్పుడే ఎవరో తోశారు" అని మధ్యలో అడ్డుపడకండి. పూర్తిగా వినండి. విన్నవన్నీ ఒప్పుకోనక్కర్లేదు. ఒకరికి టబ్ కనపడితే అది వాళ్ల అభిప్రాయం, నలుగురికీ టబ్బే ముందు కనపడితే దాని సంగతి ఆలోచించాల్సిందే.

వచ్చే ఆదివారం మా ఇంటికే రండి. ఒక్కొక్కరు ఒక్క ఫోటో చాలు, ప్రింట్ తీయించుకుని తెండి. ఫోన్‌లో అయితే మీ వేళ్లు ఊరుకోవు, పక్కకి జరిపేస్తారు. తీసినవాళ్లు మొదట ఏమీ మాట్లాడకూడదు, మిగతావాళ్లు ఏం చూశారో చెప్పడం అయ్యాకే వాళ్ల వంతు. పోయినసారి చూపించకుండా దాచుకున్న పిల్ల ఫోటోతోనే మొదలుపెడదాం. తనకి ఆ సంగతి నేను విడిగా ఫోన్ చేసి చెబుతాను.

మీ పెద్దమ్మ