షుగర్‌ఫ్రీ పూతరేకు వెనక పంటి కథ

ఆత్రేయపురంలో ఇప్పుడు పంచదార పూతరేకు, బెల్లం పూతరేకు పక్కన షుగర్‌ఫ్రీ కూడా దొరుకుతోంది. కొనేవాళ్లు 'మాకు షుగరండి' అంటారు. పళ్ల కోసమని అడిగినవాళ్లని నేనైతే చూడలేదు. చిత్రమేమిటంటే, ఈ ఉత్తుత్తి తీపి వల్ల నిజంగా బాగుపడేది నోరే.

తొలి కృత్రిమ తీపి శాకరిన్. 1879లో అమెరికాలో రసాయనాలతో పనిచేస్తున్న ఫాల్‌బెర్గ్ చేతులకి అంటుకుని, అన్నం దగ్గర బయటపడింది. మన డెల్టాలో దానికి మంచి పేరేం లేదు. 'శాకరిన్ ఐసు తింటే గొంతు పట్టేస్తుంది' అని చిన్నప్పుడు తిట్లు తినేవాళ్లం. కాలవ నీళ్లకింద చెరకు, 1947 నుంచి తణుకులో ఆంధ్రా షుగర్స్ ఉన్నచోట దొంగ తీపి ఎవడిక్కావాలి!

పన్ను పుచ్చడానికి కారణం పురుగు కాదు. 1924లో లండన్‌లో క్లార్క్ అనే శాస్త్రవేత్త పిప్పిపళ్లలోంచి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బాక్టీరియాని వేరుచేశాడు. అది పంచదార తిని ఆమ్లం వదులుతుంది. పన్ను మీద పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) సుమారు 5.5 కన్నా దిగితే ఎనామిల్, అంటే పంటి పైపొర, కరగడం మొదలవుతుంది. కాసేపటికి లాలాజలం సర్దుతుంది, మళ్లీ తీపి నోట్లో వేసుకోకపోతే.

స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆసుపత్రిలో 1940ల్లో మానసిక వైకల్యం ఉన్న రోగులకు, వాళ్ల అనుమతి లేకుండానే, అంటుకునే టాఫీలు పెట్టి చూశారు. పాపపు పనే. తేలింది మాత్రం ముఖ్యమైనది: ఎంత తిన్నామన్న దానికన్నా భోజనాల మధ్య ఎన్నిసార్లు తిన్నాం, అది పళ్లకి ఎంతసేపు అతుక్కుందన్నదే ఎక్కువ చెడుపు. అలా చూస్తే అన్నంలో కలుపుకున్న బెల్లం కన్నా, సాయంత్రమంతా చప్పరించే బెల్లం జీడి ప్రమాదం. 'బెల్లమేగా' అన్న ధీమా పన్ను దగ్గర చెల్లదు, అందులోనూ ఎక్కువ భాగం సుక్రోజే, అంటే పంచదారలో ఉండేదే.

ఆ తర్వాత ఫిన్లండ్. 1972-74లో తుర్కు నగరంలో షైనిన్, మాకినెన్ అనే పరిశోధకులు సుమారు 125 మందిని మూడు జట్లు చేసి, రెండేళ్లు ఒక జట్టుకి పంచదార, ఒకదానికి ఫ్రక్టోజ్ (పండ్లలో ఉండే చక్కెర), ఇంకోదానికి జైలిటాల్ (పంచదారకి బదులు వాడే తీపి) తినిపించారు. జైలిటాల్ జట్టులో కొత్త పిప్పిపళ్లు బాగా తక్కువ. బాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చలేదు మరి. 1975లో అక్కడ జైలిటాల్ చూయింగ్ గమ్ వచ్చింది. అయితే వైద్య పరిశోధనల్ని కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2015 సమీక్ష ఈ ఆధారాలు అంత గట్టివి కావంది. ఫ్లోరైడ్ పేస్టుకి ఇది బదులు కాదు.

ఇక మన షుగర్‌ఫ్రీ పూతరేకు. లోపల తీపి మారిందే గానీ రేకు బియ్యప్పిండిదే. ఆ పిండిపదార్థం నోట్లోనే విడిపోయి, పంచదారంత జోరుగా కాకపోయినా, అదే బాక్టీరియాకి మేత అవుతుంది.