ఫారిన్ పోయొచ్చిన సారు కోసం ఆగకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

"సారూ, మీరు ఇంగ్లండ్‌ల ఆపరేషన్లు చేసొచ్చిండ్రట గదా, మా అవ్వకు మీరే చేయాలె."

హన్మకొండలో నా ఓపీ గదిలో ఈ మాట వినని వారం లేదు. కొన్నేళ్ల క్రితం ఒక ఎక్స్ఛేంజ్ ఫెలోషిప్ (ఒక దేశపు డాక్టర్లు ఇంకో దేశానికి పోయి నేర్చుకునే ఏర్పాటు) మీద వెళ్లి అక్కడి ఎముకల విభాగాలు చూసి వచ్చాను. అప్పటి నుంచి నన్ను 'ఫారిన్ సారు' అంటున్నారు. ప్రేమతోనే అంటారని తెలుసు. కానీ ఆ మాట నమ్మి ఆగి, తుంటి విరిగిన ముసలివాళ్లు నష్టపోవడం కళ్లారా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు చిన్న అపోహలు చెప్పేస్తాను.

అపోహ: ఫెలోషిప్ మీద పోయిన డాక్టరు అక్కడ ఆపరేషన్లు చేసి వస్తాడు.

చేయడు. ఆ దేశపు రిజిస్ట్రేషన్ లేకుండా అక్కడ పేషెంటుకు వైద్యం చేయడానికి వీల్లేదు. ఇలాంటి కొన్ని వారాల ఫెలోషిప్‌లో మేం థియేటర్లో సర్జన్ వెనక నిలబడి చూస్తాం, రౌండ్స్‌లో వెంట నడుస్తాం, పొద్దుటి మీటింగుల్లో కూర్చుంటాం, మన కేసుల గురించి వాళ్లకు చెబుతాం. రిజిస్ట్రేషన్ తీసుకొని ఏడాదో రెండేళ్లో అక్కడ పనిచేసి వచ్చే ఫెలోషిప్‌లు వేరు. డాక్టరు పేరు బోర్డు మీద మాత్రం రెండూ ఒకేలా కనబడతాయి. మీ డాక్టరుది ఏదో ఆయన్నే అడగండి. అడిగితే తప్పేమీ లేదు.

అట్లని చూసి నేర్చుకోవడాన్ని తక్కువ చేయకండి. అమెరికాలో పేరుమోసిన సర్జన్లు మేయో సోదరుల ఆపరేషన్లు చూడడానికి వచ్చిన సర్జన్లు 1906లోనే వాళ్ల ఊరు రోచెస్టర్‌లో ఒక క్లబ్బు పెట్టుకొని, చూసిన కేసుల మీద చర్చించుకునేవారు. మా ఎముకల డాక్టర్లలో బ్రిటన్, అమెరికా, కెనడాల మధ్య ఇచ్చిపుచ్చుకునే ఫెలోషిప్ 1948లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది.

అపోహ: అక్కడి మిషన్లు లేకుంటే ఆ చదువు ఇక్కడ పనికిరాదు.

నేను చూసినవాటిలో మనసులో నిలిచిపోయినది మిషన్ కాదు. ఒకరోజు కోత పెట్టే ముందు చెక్‌లిస్ట్ చదువుతున్న నర్సు 'యాంటీబయాటిక్ ఇంకా ఎక్కలేదు' అంది. నెరిసిన తల సర్జన్ కత్తి ట్రేలో పెట్టి, ఆమెకు థ్యాంక్స్ చెప్పి, మందు ఎక్కేదాకా చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆ చెక్‌లిస్ట్‌లో ఉన్నవి 19 అంశాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చింది. దాన్ని పరీక్షించిన 8 నగరాల్లో మన ఢిల్లీ కూడా ఉంది. ఆ ఆస్పత్రుల్లో ఆపరేషన్ తర్వాతి మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో ప్రచురించారు. దీనికి కావాల్సింది ఒక కాగితం, ఆ కాగితం చదివే నర్సు మాటకు విలువిచ్చే సర్జన్.

అపోహ: మనమే వాళ్ల దగ్గర నేర్చుకోవాలి, వాళ్లకు మన దగ్గర ఏముంది?

వెన్నెముక టీబీకి ఎవరికి ఆపరేషన్ చేయాలో, ఎవరికి మందులు చాలో చెప్పిన 'మిడిల్ పాత్' (మధ్యేమార్గం) పద్ధతి బనారస్‌లో పనిచేసిన డాక్టర్ ఎస్.ఎం. తులిది. అది చాలు జవాబుగా.

ఇక అసలు సంగతి.

అపోహ: ఆలస్యమైనా సరే, ఫారిన్‌లో నేర్చుకున్న డాక్టరు చేతనే చేయించాలి.

మన ఊళ్లలో ముసలివాళ్లు బాత్‌రూంలోనో వాకిట్లోనో జారి పడతారు. తుంటి బొక్క విరుగుతుంది. కాలు పొట్టిదై బయటికి తిరిగిపోతుంది, లేవలేరు. ఆ గంట నుంచే లెక్క మొదలవుతుంది. పడుకొని ఉన్నకొద్దీ ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, నడుము కింద చర్మం పుండు పడుతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్, కాళ్ల నరాల్లో రక్తం గడ్డలు. తుంటి విరిగిన ముసలివాళ్లలో నూటికి 20 నుంచి 30 మంది ఏడాది లోపు పోతారు. వీళ్లలో చాలామంది పోయేది విరిగిన ఎముక వల్ల కాదు, మంచాన పడడం వల్ల.

ఇంగ్లండ్‌లో నేను మొదటిరోజు చూసింది ఒక తెల్లబోర్డు. పేషెంటు పేరు, వయసు, ఆ పక్కనే ఆస్పత్రికి వచ్చిన టైం, దాని పక్కన ఆపరేషన్ టైం. ఎనిమిదింటికి మీటింగులో అందరి కళ్లూ ఆ రెండు గడుల మీదే. అక్కడ 2007 నుంచి తుంటి కేసుల వివరాలన్నీ ఒకచోట నమోదు చేస్తున్నారు. 2010 నుంచి, 36 గంటల లోపు ఆపరేషన్ చేయడంతో పాటు మిగతా నియమాలూ పాటిస్తే, ఆస్పత్రికి ఆ కేసు మీద అదనంగా డబ్బు ఇస్తారు. ఆపరేషన్ మాత్రం మనం ఇక్కడ చేసేదే. అదే రాడ్డు, అదే ప్లేటు, అదే సగం కీలు మార్పిడి. మర్నాడు పొద్దున ఫిజియోథెరపిస్ట్ వచ్చి 86 ఏళ్ల ముసలమ్మను వాకర్ పట్టించి మంచం పక్కన నిలబెట్టింది. ఆమె కాళ్లు వణికాయి, తిట్టింది కూడా. అయినా నిలబడింది.

టైం ఎంత ముఖ్యమో నేను అక్కడ నేర్చుకుంటున్న రోజుల్లోనే ఇక్కడ నర్సంపేట దిక్కు నుంచి ఒక అవ్వను మా ఆస్పత్రికి తెచ్చారు. 74 ఏళ్లు. డ్యూటీలో ఉన్న మా సహోద్యోగి రేపు పొద్దున చేసేద్దామన్నాడు. నాకంటే ఎక్కువ తుంటి ఆపరేషన్లు చేసిన మనిషి ఆయన, దేశం దాటింది లేదు. అవ్వ కొడుకు వరంగల్ ఏనుమాముల మార్కెట్లో హమాలీ. అక్కడెవరో 'ఫారిన్ పోయిన సారు కొత్త పద్ధతి నేర్చుకొని వస్తుండు, ఆగు' అన్నారట. అతను సంతకం పెట్టి తల్లిని ఇంటికి తీసుకుపోయాడు. గుడ్డసంచిలో రెండు ఇటుకలు వేసి, కాలికి కట్టి, మంచం కోడు మీంచి వేలాడదీశాడు. పదమూడో రోజు నా దగ్గరికి తెచ్చాడు.

నేను ఆమె నడుము కింద చెయ్యి పెట్టాను. తడి తగిలింది. పక్కకు తిప్పి చూస్తే అరచెయ్యంత పుండు. ఛాతీలో గురగుర. కొడుకు నా మొహంలోకి చూస్తూ, "మీ కోసమే ఆపినం సారూ" అన్నాడు. నాకు గౌరవం ఇస్తున్నట్టే అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

నెమ్ము తగ్గడానికి ఇంకో అయిదు రోజులు పట్టింది. ఆపరేషన్ గంట కూడా పట్టలేదు. ఎముక అతికింది. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది, రోజూ డ్రెస్సింగ్ చేయడానికి కోడలు కూలి పని మానుకుంది. అవ్వ మంచం నుంచి గడప దాకా వస్తుంది, అంతకు మించి నడవలేదు.

ఆ కొడుకును నేను ఒక్క మాట అనలేదు. తల్లికి అన్నింటికంటే మంచిది చేయించాలనుకున్నాడు. భయంలో ఉన్న మనిషికి ఎవరు గట్టిగా చెబితే అదే నిజమనిపిస్తుంది. నా కోపం ఊరికే సలహా పారేసి పోయేవాళ్ల మీద. 'ముసలి ప్రాణం మత్తు తట్టుకోదు' అంటారు. చాలామందికి నడుము కింది భాగం వరకే మత్తు ఇచ్చి చేస్తాం, నెలల తరబడి మంచం తట్టుకోవడం దానికంటే కష్టం. 'కట్టు కట్టిస్తే అతుక్కుంటది' అంటారు. మణికట్టు వేరు, తుంటి వేరు. బయట కట్టే ఏ కట్టూ తుంటి ఎముకను కదలకుండా పట్టుకోలేదు. 'బీపీ, షుగర్ నార్మల్‌కు రానీ' అంటారు. సరిచేయాల్సినవి గంటల్లో సరిచేస్తూనే ఆపరేషన్‌కు సిద్ధం చేస్తాం. రక్తం పలచబడే గోలీలు వాడుతుంటే ఆగాలో వద్దో మత్తు డాక్టరు చెబుతాడు, పక్కింటాయన కాదు.

అట్లని అర్ధరాత్రి ఉరుకులు పెట్టి టెన్షన్ పడకండి. మన దేశంతో కలిపి 17 దేశాల్లో తుంటి విరిగిన దాదాపు 3 వేల మంది మీద చేసిన పరిశోధన 2020లో వచ్చింది. సుమారు 6 గంటల్లో చేసినా 24 గంటల్లో చేసినా బతికేవాళ్ల లెక్కలో పెద్ద తేడా రాలేదు. కాబట్టి పరీక్షలకు, డబ్బులు సర్దుకోవడానికి, చుట్టాలతో మాట్లాడుకోవడానికి ఒక పూట తీసుకోండి. నేను భయపడేది రోజులు రోజులుగా జరిగే ఆలస్యానికి.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా పడితే, నేను ఊళ్లో ఉన్నానా అని అడగకండి. "తుంటి ఆపరేషన్లు ఇక్కడ తరచుగా చేస్తారా, ఎప్పుడు చేస్తారు, మర్నాడే లేపి నిలబెడతారా" అని అడగండి. ఈ మూడింటికీ సరైన జవాబు చెప్పే డాక్టరు జనగామలో ఉన్నా, భూపాలపల్లిలో ఉన్నా, వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో ఉన్నా చేయించండి. పరకాల నుంచి హైదరాబాద్‌కు, అక్కడి నుంచి ఇంకో హైదరాబాద్ ఆస్పత్రికి తిప్పకండి. వచ్చేటప్పుడు వాడుతున్న గోలీలన్నీ సంచితో సహా తెండి. పడ్డ తర్వాత నోట్లో ఏం పెట్టారో చెప్పండి. ఎన్ని గంటలకు పడ్డారో గుర్తు పెట్టుకొని చెప్పండి. ఇప్పుడు మా కేస్ షీట్ మీద పేరు తర్వాత రాసేది అదే.