లీ నది లోయలో కొండల మొదళ్ళు

చైనా ఇరవై యువాన్ల నోటు వెనుక ఒక నది, దాని ఒడ్డున నిటారుగా లేచిన కొండలు ఉంటాయి. గ్వాంగ్షీ ప్రాంతంలోని షింగ్‌పింగ్ ఊరి దగ్గర లీ నది ఒడ్డున నిలబడితే ఆ బొమ్మే కళ్ళెదుట కనిపిస్తుంది. వచ్చినవాళ్ళు నోటును పైకెత్తి, కొండలతో సరిచూసుకుని ఫొటోలు తీసుకుంటారు. అందరి చూపూ శిఖరాల మీదే. ఆ లోయకు వెళ్ళే తెలుగువాళ్ళకు నేను చెప్పాలనుకునేది ఒకటుంది: కాసేపు ఆ కొండల మొదళ్ళను చూడండి. నీటిమట్టానికి కాస్త పైన, రాయిని లోపలికి తొలిచినట్టు అడ్డంగా ఒక గాడి ఉంటుంది. ఈ లోయ ఎలా తయారైందో అక్కడ చదువుకోవచ్చు.

సుమారు 35 నుంచి 40 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ లోతు తక్కువ ఉన్న వెచ్చని సముద్రం ఉండేది. అందులో బతికిన జీవుల పెంకులు, సున్నపు బురద అడుగున పొరలు పొరలుగా పేరుకుని, వందల మీటర్ల మందాన సున్నపురాయి అయ్యాయి. తర్వాత భూమి కదలికలతో ఆ రాయి నేలమట్టానికి పైకి వచ్చింది. అప్పటినుంచి వానకు, రాయికి మధ్య వ్యవహారం నడుస్తోంది.

వాన చినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొంచెం కలుపుకుంటుంది. నేలలోకి ఇంకాక ఇంకా ఎక్కువ కలుపుకుంటుంది. చెట్ల వేళ్ళు, మట్టిలోని సూక్ష్మజీవులు ఊపిరి తీయడం వల్ల అక్కడ ఆ వాయువు బయటి గాలిలోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అలా తయారయ్యేది చాలా పల్చటి కార్బానిక్ ఆమ్లం, మన గోలీ సోడాలో ఉండేదే. సున్నపురాయి దానిలో కరిగి బైకార్బనేట్‌గా నీళ్ళతో పాటు వెళ్ళిపోతుంది. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది కదా, అది ఇదే చర్య వెనక్కి నడవడం. గుహల్లో పైనుంచి వేలాడే రాతి ఊడలు కూడా అలా వచ్చినవే.

కరిగే వేగం వెయ్యేళ్ళకు కొన్ని సెంటీమీటర్లు. కానీ ఈ నది ఒడ్డునే ఉన్న గుయిలిన్ నగరంలో ఏటా దాదాపు 1,900 మిల్లీమీటర్ల వాన పడుతుంది, కాలమేమో లక్షల ఏళ్ళలో ఉంది. అందుకే లీ నది కొండలు నేలలోంచి మొలిచినవి అనుకోకూడదు. ఒకప్పుడు వాటి మధ్యన కూడా రాయే ఉండేది. అది కరిగిపోయింది, ఇవి మిగిలాయి.

సున్నపురాయి మనకూ ఉంది. బెలూం గుహలు 3,229 మీటర్ల పొడవున తొలిచినట్టు ఉన్నది అదే రాతిలో, అదే రసాయన చర్యతో. మరి రాయలసీమలో ఇలాంటి కొండలెందుకు లేవు? అక్కడ వాన గుయిలిన్‌లో పడేదానిలో సగం కూడా ఉండదు. పైగా లీ నదికి ఇంకో అనుకూలత ఉంది, నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది అదే. ఈ నది పుట్టేది 2,141 మీటర్ల ఎత్తున్న మావోర్ పర్వతం దగ్గర. అది గ్రానైటు కొండ. గ్రానైటు మీంచి వచ్చే నీళ్ళలో సున్నం ఉండదు. సున్నపురాతి మైదానంలోకి దిగేసరికి ఆ నీళ్ళకు రాయిని కరిగించే శక్తి ఇంకా పూర్తిగా మిగిలే ఉంటుంది. అవి కొండ మొదలును పక్కనుంచి తింటాయి. గాడి లోతు పెరిగి, మీది రాయికి ఆధారం పోయి, ఒకనాడు ఆ ముక్క విరిగి పడుతుంది. విరిగిన చోట గోడలా నిటారైన ముఖం బయటపడుతుంది. గాడి మళ్ళీ మొదలవుతుంది. ఆ కొండలు వాలుగా అరిగిపోకుండా స్తంభాల్లా నిలబడడానికి ఇదొక ముఖ్య కారణం.

చైనా శాస్త్రవేత్తలు ఈ కొండలను రెండు పేర్లతో పిలుస్తారు. చదునైన పొలాల మధ్య విడివిడిగా నిలిచినవి ఫెంగ్‌లిన్, అంటే శిఖరాల అడవి. మొదట్లో కలిసిపోయి గుంపుగా లేచినవి ఫెంగ్‌త్సొంగ్. గుయిలిన్ నుంచి దిగువనున్న యాంగ్‌షువో పట్టణం వరకు 83 కిలోమీటర్ల నది దారిలో రెండూ కనిపిస్తాయి. భూగర్భజలం పైపైనే ఉన్నచోట నీరు పక్కకు కోసి మైదానం చేస్తుంది. లోతుగా ఉన్నచోట నేరుగా కిందికి దిగి, కొండల మధ్య గిన్నెల్లాంటి గుంటలు చేస్తుంది. గుంపు కొండలే కాలక్రమంలో విడి కొండలవుతాయా, లేక రెండూ పక్కపక్కనే వేర్వేరుగా తయారయ్యాయా అన్న చర్చ చాలాకాలం నడిచింది.

ఆ గుంటల్లో సేద్యం చేసేవాళ్ళ కష్టం పడవలోంచి కనిపించదు. అంత వాన పడ్డా నీరు నిలవదు, పగుళ్ళలోంచి కిందికి జారిపోతుంది. రాయి కరిగాక మిగిలే మట్టి పిడికెడే కాబట్టి, వాలు మీద చెట్లు కొట్టేస్తే అదీ కొట్టుకుపోయి ఉత్త రాళ్ళు తేలతాయి. ఒక గుంటలో చెత్త పోస్తే నేల దాన్ని వడకట్టదు, ఇంకో ఊరి ఊటలో అది బయటపడుతుంది. 2014లో గుయిలిన్ కొండలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఆ వారసత్వంలో కంటికి కనబడని ఈ నీటి దారులు కూడా భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ నేలను మొదట శ్రద్ధగా చదివినవాళ్ళలో చైనా యాత్రికుడు షూ షియాకే ఒకరు. 1637లో ఆయన గ్వాంగ్షీకి వచ్చి, దివిటీ పట్టుకుని గుహల్లోకి దిగి, ఏ గుహ ఎటు తిరిగిందో, నీరు ఎక్కడ మాయమైందో రాసుకున్నారు. ఇలాంటి నేలలకు ఐరోపా శాస్త్రవేత్తలు స్లొవేనియాలోని ఒక పీఠభూమి పేరు మీద కార్స్ట్ అని పేరు స్థిరపరిచింది ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైనే. ఆయనకు దక్కాల్సినంత పేరు దక్కలేదనే నాకనిపిస్తుంది.

ఎప్పుడు వెళ్ళాలంటే, ఏప్రిల్ నుంచి జూన్ వరకు వాన, మంచు తెర, పైకి పొంగిన నది. చిత్రకారులకు నచ్చేది ఆ లోయే. కొండల మొదళ్ళు చూడాలంటే మాత్రం డిసెంబరు, జనవరి మంచివి. నీరు తగ్గుతుంది, పడవలు వెళ్ళే దూరమూ తగ్గవచ్చు, ఒడ్డున గులకరాళ్ళు తేలతాయి. వానాకాలంలో నది ఎక్కడిదాకా వచ్చి రాతిని తడిమిందో ఆ గాడి అప్పుడు ఆరిపోయి, చేతికందే ఎత్తులో ఉంటుంది.