గూన ఎవరు సర్దాలి? వరంగల్ పాత ఇళ్ల తగాదా వెనుక కథ

వానలు మొదలవగానే వరంగల్ పాత బజార్లలో శిథిల భవనాల నోటీసులు గోడలకెక్కుతాయి. 2022 జూలైలో మండి బజార్‌లో పాత భవనం గోడ కూలి ఇద్దరు చనిపోయాక ఆ కాగితాలను తేలిగ్గా తీసుకునే పరిస్థితి లేదు. ప్రాణాలకే ముప్పు కాబట్టి కూల్చాల్సిందే అన్నది యజమానుల మాట. ముందు గదుల్లో కిరాయికి దుకాణాలు నడిపేవాళ్లు మాత్రం, ఇల్లు ఆ స్థితికి వచ్చేదాకా చూస్తూ కూర్చున్నదెవరని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

కాకతీయుల దాకా అక్కర్లేదు. రైలు రావడం, 1934లో ఆజంజాహీ మిల్లు పెట్టడం, దాంతో ఊరు పెరగడం అందరికీ తెలిసినవే. ఇంగ్లీషు ఏలుబడి లేని నిజాం రాజ్యంలోకి కూడా షాబాదు బండలు, బెంగుళూరు పెంకు, ఇనుప కమ్మీలు రైలెక్కి వచ్చాయి. మట్టెవాడ, గిర్మాజీపేట వైపు వ్యాపారులూ వకీళ్లూ వాటితో ఇళ్లు కట్టుకున్నారు. అవి గడీలు కావు. వీధివైపు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉండే ఇళ్లు. ముందు అరుగు, దాని మీద రెండు మల్గీలు, అంటే వీధివైపు దుకాణపు గదులు, వాటి మధ్య దర్వాజ. దాటితే దలానం, ఆ తర్వాత ఆకాశం కనబడే వాకిట్లో చేదబావి, చుట్టూ కర్ర స్తంభాల వసారా, వెనక అర్రలు. గోడలు ఇటుక, డంగు సున్నం (గానుగ పట్టిన సున్నం)తో కట్టినవి. పైన టేకు దూలాలు, వాసాలు, గూనపెంకు. కొన్నిటికి వీధివైపు చిన్న మేడగది, దాని నెత్తిన సున్నంతో తీర్చిన పూల తీగ.

మల్గీల కిరాయితో ఇంటి ఖర్చు వెళ్లాలన్నది కట్టినవాళ్ల లెక్క. ఆ లెక్క తప్పించింది 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం. న్యాయమైన అద్దె ఎంతో నిర్ణయించేటప్పుడు 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ చుట్టుపక్కల నడిచిన కిరాయిలను చూడాలని దాని 4వ సెక్షన్‌లో రాశారు. ధరలు ఎక్కడికో పోయాయి, కొలబద్ద మాత్రం యుద్ధకాలం దగ్గరే ఆగింది. వచ్చే కిరాయి గూన సర్దించడానికి కూడా చాలదని యజమానులు అంటే, అందులో నిజముంది.

అయితే ఆ కథను యజమానులు అక్కడితో ఆపేస్తారు. అదే చట్టంలో 12వ సెక్షన్ కూడా ఉంది. మరమ్మతు కోసం ఖాళీ చేయించాలంటే, పని అయ్యాక ఆ జాగా మళ్లీ ఆ కిరాయిదారుకే ఇస్తానని యజమాని హామీ ఇవ్వాలి. కూల్చి కొత్తది కడతానంటే అది వేరే దారి. నా దృష్టిలో మొత్తం తగాదాకు ముడి ఇక్కడ పడింది. ఇల్లు బాగుచేస్తే కిరాయిదారు తిరిగొస్తాడు, ఇల్లు పాడైతే జాగా చేతికొస్తుంది. కిరాయిదారులు చెప్పేదీ ఇదే: పగిడీ (చేరేటప్పుడు ఇచ్చే ముందస్తు సొమ్ము) ఇచ్చి చేరాం, మల్గీకి సున్నం మేమే వేసుకున్నాం, షట్టర్ మేమే పెట్టించుకున్నాం, పైకప్పు మాత్రం మా చేతిలో లేదు.

పైకప్పే అసలు రోగం. కోతులు దూకి గూన జరిగితే వాననీళ్లు నేరుగా గోడ నెత్తిన దిగుతాయి. గోడలో కూర్చున్న దూలం కొస ముందు మురుగుతుంది. కింద నిలబడి చూస్తే దూలం బాగానే కనబడుతుంది. డంగు సున్నం గోడ తడిని పీల్చి మళ్లీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి లోపలే నిలుస్తుంది. అద్దాల్లా మెరిసే ముంగిళ్ల కోసం సిమెంటు పూయించినవాళ్లలో కిరాయిదారులూ ఉన్నారు. ఆ మాట వాళ్లు చెప్పరు.

వారసత్వ చట్టాలు ఈ ఇళ్ల గడప తొక్కలేదు. హైదరాబాద్‌లో పాత కట్టడాలను కాపాడిన 1995 నాటి 13వ నిబంధన హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) పరిధికే పరిమితం. అదీ 2015లో రద్దయింది. రాష్ట్రమంతటికీ వర్తించే చట్టం 2017లో వచ్చింది. వచ్చినా మన దగ్గర వారసత్వమంటే కాకతీయుల రాయే. 2021 జూన్‌లో నిజాం కాలం నాటి వరంగల్ సెంట్రల్ జైలును ఆసుపత్రి కోసం నేలమట్టం చేశారు. మరుసటి నెలలోనే రామప్పకు యునెస్కో గుర్తింపు దక్కిందని సంబరాలు జరిగాయి. జైలుకే దిక్కు లేనప్పుడు మల్గీల ఇంటిని ఎవరు పట్టించుకుంటారు?

ఇక అద్దె నియంత్రణ చట్టాన్ని 2005లో సవరించి, కార్పొరేషన్ ప్రాంతాల్లో నెల కిరాయి 3,500 రూపాయలు దాటితే కిరాయిదారుకు దాని రక్షణ వర్తించదన్నారు. దాంతో చట్టం నీడన మిగిలింది పాత కిరాయిల మల్గీలే. వాటిని రెంట్ కోర్టు ద్వారా ఖాళీ చేయించడం సుదీర్ఘమైన వ్యవహారం, శిథిల భవనం నోటీసు దగ్గరి దారి. అందుకే కూల్చే ముందు ఎవరి స్వాధీనంలో ఎంత జాగా ఉందో ఇరుపక్షాల ఎదుట కొలిచి రాసిపెట్టాలని దుకాణదారులు పట్టుబడుతున్నారు. అలా రాస్తే రేపు కట్టే కాంప్లెక్స్‌లో వాటా ఒప్పుకున్నట్టే అవుతుందని యజమానులు సంతకం పెట్టడం లేదు.